ఆవిడ అనని మాటలు

ఎల్లుండి వస్తున్నానని నర్సుగారు ఫోను చేసేసరికి మేనేజరు ఒక ఇంటి మెట్ల మీద కూర్చుని తలుపు గడియకు నూనె పెడుతున్నాడు. ఇల్లు చూసి చాలాకాలమైందని, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళేలోగా వాళ్ళనూ ఒకసారి పలకరించి పోతానని ఆవిడ అంది. అలాగేనమ్మా అన్నాడు మేనేజరు. ఫోను జేబులో పెట్టుకున్నాక చూసుకుంటే నూనె గడియ మీద కాకుండా తన మోకాలి మీద కారుతోంది.

ఆయన పని ఇళ్ళు చూసుకోవడం. యజమానులు ఎక్కడెక్కడో ఉంటారు. వాళ్ళ ఇళ్ళకు అద్దెకు మనుషుల్ని చూడటం, కుళాయి కారితే మనిషిని పంపడం, తలుపు బిగుసుకుంటే చిత్రిక పట్టించడం, ఎవరైనా ఖాళీ చేస్తే రంగు వేయించి ఇంకొకరికి తాళం అప్పగించడం. పల్లెటూరినుంచి వచ్చి ఈ పనిలో పడ్డాడు. మనిషి నెమ్మది, మాట పొదుపు. అడిగినదానికి ఔను, కాదు అనడమే గానీ అంతకుమించి నోరు పెగలదు. పెళ్ళైన కొత్తలో ఆయన భార్య, ఈయనకు అసలు నాలుక ఉందా అని వాళ్ళమ్మ దగ్గర అనుమానపడిందట.

అలాంటి మనిషికి ఒక్క సందర్భంలో మాత్రం మాట ఊటలా వచ్చేది. యజమాని మాటగా చెప్పాల్సి వచ్చినప్పుడు.

ఈ పని నేర్పిన పాత మేనేజరు ఆయనకొక కిటుకు చెప్పాడు. కాదు అని నువ్వు అనకు, యజమాని చేత అనిపించు. రేపు మళ్ళీ ఆ గుమ్మం తొక్కాల్సింది నువ్వు, ఆయన కాదు అన్నాడు. మేనేజరుకు ఆ కిటుకు బాగా పట్టుబడింది. యజమానిని అడగకుండానే అడిగొచ్చినట్టు చెప్పేవాడు. పోనుపోను ఒక్కో యజమానికి ఒక్కో గొంతు కుదిరింది. ఒకాయన చేత నసిగించేవాడు, ఒకాయన చేత కసిరించేవాడు, ఒకామె చేత కష్టాలు చెప్పించేవాడు. తన మాటగా రెండు ముక్కలు రానివాడు ఇంకొకరి మాటగా అయితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. చెబుతున్నప్పుడు కాస్త సరదాగా కూడా ఉండేది. ఆ సరదా గుర్తొస్తేనే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

నర్సుగారి విషయం అలా మొదలు కాలేదు. ఆవిడ ఆస్పత్రి ఉద్యోగం విరమించి వేరే ఊళ్ళో అక్కగారి దగ్గర ఉంటోంది. రాత్రి డ్యూటీలు చేసి చేసి కట్టుకున్న ఇల్లది. తాళాలు చేతికిస్తూ ఆవిడ ఒకటే కోరింది. "నాకు మీరు అద్దె పెంచి చూపించక్కర్లేదు. ఆ ఇంట్లో ఏం జరిగినా నాకు చెప్పండి, మంచైనా చెడైనా. వాళ్ళ మాట నాకూ, నా మాట వాళ్ళకూ ఉన్నదున్నట్టు చేర్చండి. మీ దగ్గర నేను ఆశించేది అదొక్కటే." ఇంతేనా అనుకున్నాడు మేనేజరు. ఇంత తేలిక పని ఇంకే యజమానీ పెట్టలేదు.

ఆ ఇంట్లో కుట్టుపని చేసే ఒకామె, ఆమె ముసలి అత్తగారు ఉంటారు. కుట్టుపనామె భర్త లారీ నడుపుతాడు. ఇంట్లో కంటే దారిలో ఉండేదే ఎక్కువ. ముందుగదిలో మిషను, గోడ పొడుగునా కొక్కేలు, కొక్కేలకు సగం కుట్టిన చొక్కాలు, గౌన్లు. ఆ వీధిలో ఎవరు కాస్త ఒళ్ళు చేసినా ముందు తెలిసేది ఆమెకే. వంటగదిలోంచి స్నానాలగదిలోకి దిగడానికి ఒక నున్నటి రాతి మెట్టు ఉంది. దాని పక్క గోడ లోపల పైపు ఎక్కడో చిమ్ముతోంది. మెట్టు ఎప్పుడు చూసినా తడి.

కుట్టుపనామె మొదటిసారి చెప్పినప్పుడు మేనేజరు నిజంగానే నర్సుగారికి ఫోను చేశాడు. ఆవిడ అప్పుడు అక్కగారి ఆపరేషను హడావిడిలో ఉంది, గొంతు బొంగురుపోయింది. ఇంటి దగ్గర అంతా బాగేనా అని ఆవిడే అడిగింది. బాగేనమ్మా అన్నాడు. పాపం, ఈ సమయంలో గోడ సంగతి ఏం చెబుతాంలే అనుకున్నాడు. అది జాలే, అందులో అబద్ధం లేదు. గోడకు పైపైన సిమెంటు పూశాడు. కొన్నాళ్ళు ఆరినట్టే ఆరి మళ్ళీ చెమ్మ కట్టింది. ఈసారి చెబితే, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతుందేమో అనిపించింది. ఆవిడేమో ఫోను చేసినప్పుడల్లా, మీ పుణ్యమా అని నాకొక ఇల్లుందన్న సంగతే మర్చిపోయి హాయిగా ఉన్నాను అనేది. ఆ మాట ఆయన చెవికి తియ్యగా తగిలేది. యజమానికి చికాకు తగలకుండా చూడటమే మేనేజరు పనితనమని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. జాలి లేచిపోయి ఆ చోట్లో భయం ఎప్పుడు కూర్చుందో, భయం పక్కన పొగడ్త మీద మోజు ఎప్పుడు వచ్చి చేరిందో ఆయనకే తెలియదు.

కుట్టుపనామెకు మాత్రం అడిగినప్పుడల్లా ఏదో ఒక జవాబు కావాలి. అలా నర్సుగారికి కూడా ఒక గొంతు తయారైంది. అందరి గొంతుల్లోకీ అదే కరుకైనది. గోడలో మేకు దిగితే గుండెలో దిగినట్టు గోలపెట్టే మనిషమ్మా, గోడ పగలగొడతానంటే ఒప్పుకుంటుందా అనేవాడు. అందరి నొప్పులూ వినీ వినీ గుండె రాయైపోయింది ఆవిడకు అనేవాడు. ఒకసారి ఆమె గట్టిగా నిలదీస్తే, ఇల్లు అద్దెకిచ్చాను గానీ నా ప్రాణం అద్దెకివ్వలేదు, ఇష్టం లేకపోతే వేరే ఇల్లు చూసుకోమను అందని, అచ్చం ఎదురుగా నిలబడి విన్నట్టు చేతులు తిప్పి మరీ చెప్పాడు. ఆమె వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మెట్టు జారుతోందని ముసలామె చెప్పినదానికి మాత్రం సొంత ఉపాయం చేశాడు. వాళ్ళ ఊళ్ళో వాకిలి బురదైతే గోనెపట్టా పరుస్తారు. మట్టి పట్టాను కరుచుకుని ఉంటుంది, కాలు జారదు. ఆ లెక్కన ఒక పట్టా తెచ్చి మెట్టు మీద వేశాడు. ఇక్కడున్నది నున్నటి రాయి, దాని మీద నీళ్ళు. రాయి పట్టాను పట్టుకోదన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఒక పొద్దున ముసలామె చెంబు పట్టుకుని దిగబోతే పట్టా కాలితో పాటే కదిలిపోయింది. పడింది. మణికట్టు విరిగింది.

కబురు అందగానే మేనేజరు పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయారు. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్ళి, తడిసిన పట్టాను చుట్ట చుట్టి చంకన పెట్టుకుని, వెనకసందులోంచి తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరూ చూడలేదు. నీళ్ళ మీద జారిందని అందరూ అన్నారు. ఆయనా అదే అన్నాడు.

ఆ తరవాతే వాళ్ళు ఖాళీ చేస్తామన్నారు. ఎందుకట అని నర్సుగారు అడిగితే, బంధువుల దగ్గరికి వెళతారటమ్మా అని చెప్పాడు. చిన్న అబద్ధమే. అప్పటికి అలవాటైపోయింది.

ఫోను వచ్చిన మర్నాడు మేనేజరు సిమెంటూ తాపీ పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాడు, గోడ కాస్త పొడిగా కనబడేలా చేద్దామని. ముందుగదిలో కొక్కేలు బోసిపోయి ఉన్నాయి. బట్టలన్నీ మూటలు కట్టేశారు. మిషను మీద మాత్రం ఒక చొక్కా చెయ్యి వేలాడుతోంది. కుట్టుపనామె తల ఎత్తకుండా, మిషనుతో చెబుతున్నట్టు చెప్పింది. ఇల్లు ఊరికి ఆ చివర దొరికిందట. ఇక్కడైతే గుమ్మం దిగి నడిచొచ్చేవాళ్ళు, ఒక గుండీ కోసం అంత దూరం ఎవరొస్తారు, గిరాకీ మళ్ళీ మొదటినుంచి పోగేసుకోవాలి అంది.

మేనేజరు గొంతు సవరించుకుని, ఓనరుగారు రేపు వస్తున్నారని చెప్పాడు. మిషను ఆగింది.

"రానివ్వండి బాబాయ్ గారూ. అలాంటి మాటలొచ్చే నోరు ఎలా ఉంటుందో చూసే పోతాను."

ఆయన గోడకు సిమెంటు పామాడు. చేతులు కడుక్కున్నాడు. తుడుచుకోవడానికి ఏమీ కనబడక తడిచేతులతోనే నిలబడి, చివరికి అడగనే అడిగాడు, రేపు మీకు బయట ఎక్కడైనా పనుందా అని. లేదంది ఆమె. పెద్దమ్మ కట్టు చూపించుకోవాలేమో కదా అన్నాడు. అది వచ్చేవారం అంది. దారాలో గుండీలో ఏవైనా కొనుక్కోవాలంటే రేపు బజారు ఖాళీగా ఉంటుందన్నాడు. మంచం మీద కూర్చున్న ముసలామెకు నవ్వొచ్చింది.

"ఏం నాయనా, మమ్మల్ని ఇంకాస్త ముందే సాగనంపాలని ఉందా? ఆవిడంటే మాకంటే నీకే భయం ఎక్కువున్నట్టుందే."

మేనేజరు కూడా నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు.

ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు. పెరట్లో ఆ గోనెపట్టా కుళ్ళి కంపు కొడుతోంది, పారేయనా అని భార్య అడిగింది. వద్దన్నాడు. దాంతో ఏం పని అంటే మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆయన మాట్లాడకపోవడంలో ఎన్ని రకాలున్నాయో ఆమెకు తెలుసు. ఇది మామూలు రకం కాదని పోల్చుకుని, ఇంకో గరిటె వడ్డించి ఊరుకుంది. అన్నం అలాగే ఉండిపోయింది.

బస్సు దిగిన నర్సుగారు పొట్టిగా, చురుగ్గా ఉంది. చేతిలో గొడుగు, భుజానికో సంచీ. సంచీ తాను పట్టుకుంటానని మేనేజరు అందుకున్నాడు. మెత్తగా తగిలింది. అందులో ఉన్ని శాలువా ఉందట. ఆ ఇంట్లో పెద్దావిడ ఉన్నారన్నారు కదా, వెళ్ళిపోయేవాళ్ళకు వట్టి చేతులతో ఎలా కనబడతాను అంది. దారిపొడుగునా ఆవిడే మాట్లాడింది. తెలిసినవాళ్ళందరూ మేనేజర్లతో వేగలేక చస్తున్నారట, మీరు దొరకడం నా అదృష్టం అంటే వాళ్ళు నమ్మడం లేదట.

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు మేనేజరు. మందుల షాపు దాటాక చెబుదామనుకున్నాడు. దాటారు. మలుపు తిరిగాక అనుకున్నాడు. తిరిగారు. ఈవిడ పేరు పెట్టి ఎన్ని మాటలు అల్లాడో! ఈవిడకే చెప్పాల్సిన ఒక్క మాట గొంతు దాటి రావడం లేదు. ఇంతలో గుమ్మం వచ్చేసింది.

కుట్టుపనామె తలుపు తీసి పక్కకు తప్పుకుంది. కూర్చోమనలేదు. కుర్చీ మీద మూట ఉంది, దాన్ని తియ్యలేదు. నర్సుగారు అది గమనించినట్టు లేదు, ఆవిడ చూపు అప్పటికే మంచం మీదికి వెళ్ళిపోయింది. గొడుగు గోడకు ఆనించి, నేరుగా ముసలామె దగ్గరికి వెళ్ళి, కట్టు కట్టిన చేతిని కింద నుంచి తన అరచేతిలోకి తీసుకుంది. వేళ్ళు కదపమంది. తిమ్మిరెక్కుతోందా అని అడిగింది. ఎలా పడ్డారమ్మా అంది.

"ఇప్పుడెందుకండీ ఈ పలకరింపు?" అంది కుట్టుపనామె వెనకనుంచి. గొంతు పెంచలేదు. "గోడ బాగుచేయించమని ఎన్నిసార్లు కబురు పెట్టాను? ఇల్లు అద్దెకిచ్చాను గానీ నా ప్రాణం అద్దెకివ్వలేదు అన్నారట. మరి మా అత్తయ్య ప్రాణం మీకు అద్దెకిచ్చామా మేము?"

నర్సుగారు ముసలామె చెయ్యి మెల్లగా దిండు మీద పెట్టింది. తిరిగి మేనేజరును చూసింది. ఆ చూపులో కోపం లేదు. నాడి పట్టుకుని గడియారం చూసేవాళ్ళు చూసే చూపు. మేనేజరు కిందికి చూశాడు. నేల మీద దారం ముక్కలు, ఎరుపువీ నలుపువీ, చీపురుకు దొరకకుండా మిగిలిపోయినవి. వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఆయన తల ఎంతకీ లేవకపోవడంతో ఆవిడకు కావలసిన జవాబు దొరికింది కాబోలు, కుట్టుపనామె వైపు తిరిగింది.

"తప్పు నాదమ్మా. నేను పెట్టిన మనిషి నోట వచ్చిందంటే నేనన్నట్టే. పెద్దావిడ పడినందుకు మీకు నేనే జవాబు చెప్పుకోవాలి."

ఆవిడ అంతకుమించి ఏమీ అనలేదు. నాకు తెలియదు అనలేదు. వేలు పెట్టి ఆయన్ని చూపించలేదు. మేనేజరు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. తానలా ఊపిరి పీల్చుకున్నట్టు తెలిసొచ్చిన మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. చూస్తే కుట్టుపనామె ఆవిణ్ణి అసహ్యంగా చూస్తోంది. ఆ చూపు తనకు రావలసినది, ఆవిడ నిలబడి తీసుకుంటోంది.

"ఆవిడ అనలేదు తల్లీ," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఆ మాటలేవీ ఆవిడవి కావు. గోడ సంగతే ఆవిడకు తెలియదు. ఒక్కసారీ నేను అడగలేదు. అన్నీ నేనే అల్లి చెప్పాను."

అక్కడితో ఆగొచ్చు. మిగతాది ఎవరికీ తెలియదు, తెలిసే దారీ లేదు. అయినా నోరు తెరుచుకున్నాక మూయడం చేతకాలేదు.

"పెద్దమ్మ జారింది నీళ్ళ మీద కాదు. నేను పరిచిన పట్టా మీద. పడ్డ తరవాత దాన్ని ఎత్తుకుపోయిందీ నేనే. మా పెరట్లో ఉంది."

ముసలామె కట్టు మీద ఊడిన పోగు ఒకటి గిల్లుతూ అంది. "నాకు తెలుసు నాయనా. కాలి కింద ఏది కదిలిందో కాలికి తెలియదా? ఆస్పత్రినుంచి వచ్చేసరికి పట్టా లేదు. నువ్వే చెబుతావని చూశాను. వచ్చినప్పుడల్లా గోడ వైపు చూసేవాడివి గానీ నా చెయ్యి వైపు ఒక్కసారీ చూడలేదు."

మేనేజరు అప్పుడు చూశాడు. కట్టు అంచున వేళ్ళు వాచి, నిగనిగలాడుతున్నాయి. ఆ చేత్తోనే ఆమె ఎన్నోసార్లు ఆయనకు మంచినీళ్ళు అందించింది.

కుట్టుపనామె కుర్చీ మీది మూట తీసి కింద పెట్టింది. నర్సుగారిని కూర్చోమనడానికి నోరు రాక కుర్చీని కాస్త ముందుకు జరిపింది. "పొద్దున్నే మిషను ముందు కూర్చుని ఈవిణ్ణి తిట్టుకుంటూ తొక్కేదాన్ని," అంది, ఆయన్ని చూడకుండా. "మొహం కూడా ఊహించుకున్నాను. పొడుగ్గా, ముక్కు కోసుగా. అంత బాగా చెప్పారు బాబాయ్ గారూ మీరు." ఆ పొగడ్త ఆయనకు చెంప పగిలినంత గట్టిగా తగిలింది.

నర్సుగారు కూర్చుంది. ముందునుంచి చెప్పమ్మా అంది. కుట్టుపనామె చెప్పింది, గోడ మీద మొదటి చెమ్మ కనబడినప్పటినుంచి. ఒక్కోటీ విని ఆవిడ మేనేజరు వైపు తిరిగి, ఇది నాకు చెప్పారా అని అడిగేది. లేదమ్మా అనేవాడు. తలుపు పక్కన, సిమెంటు మరకలున్న చెప్పుల్లో, శాలువా సంచీ ఇంకా చేత్తోనే పట్టుకుని, లేదమ్మా, లేదమ్మా అంటూ నిలబడ్డాడు. ఒక్కో లేదమ్మాకూ లోపల ఒక పొర ఊడి పడుతున్నట్టుంది.

అంతా అయ్యాక ఆవిడ సంచీ అడిగి తీసుకుంది.

"మీరు చెడ్డవారని నేననను," అంది. "నేను అడిగింది ఒక్కటేగా. అది కష్టమని ముందే అన్నా బాగుండేది."

ఈ ఇల్లు ఇకనుంచి తానే చూసుకుంటానని, వీళ్ళ నెంబరు తన దగ్గర, తన నెంబరు వీళ్ళ దగ్గర ఉంటుందని చెప్పింది. పైపుల మేస్త్రి నెంబరు మాత్రం ఇచ్చి వెళ్ళమంది. మేనేజరు చెబుతూ రెండుసార్లు తప్పు చెప్పాడు. గోడ ఈ రోజే తెరిపిస్తాను, మీరు ఇక్కడే ఉండండమ్మా అని ఆవిడ కుట్టుపనామెను అడగడం, ముందు గోడ లోపల ఏముందో చూడనివ్వండి అని ఆమె అనడం గుమ్మం దిగుతూ విన్నాడు.

మర్నాడు పైపుల మేస్త్రి ఎదురుపడి చెప్పాడు, పైపు అరచెయ్యి పొడుగున చీలిపోయి ఉందని. కొత్తది వేశాడట. మెట్టుకు గరుకు రాయి వేయిస్తున్నారట, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీ కూడా. వాళ్ళు ఖాళీ చెయ్యడం లేదు గురువుగారూ, మూటలన్నీ విప్పేసి మళ్ళీ బట్టలు తగిలిస్తున్నారు అన్నాడు. మంచిదేలే అన్నాడు మేనేజరు. నిజంగా మంచిదే. ఆ మంచి తాను లేకుండా జరిగింది. తాను తప్పుకున్నాక గానీ జరగలేదు. ఆ మాట మనసులో పడ్డాక ఇంకెటూ కదలలేదు.

ఆ రోజు గడియారాలు బాగుచేసే ఆయన ఇంటికి వెళతానని ఎప్పుడో మాటిచ్చాడు. ఆయన ఉండేది ఇంకొక యజమాని ఇల్లు. కిటికీ రెక్క మూసుకోదు, వాన పడితే జల్లు నేరుగా బల్ల మీదికి కొడుతుంది. మేనేజరు వెళ్ళేసరికి ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, ఒక గడియారం పొట్ట విప్పి కూర్చున్నాడు. కిటికీ సందులో మడిచిన అట్టముక్క కుక్కి ఉంది. తడిసి ఉబ్బిపోయింది.

"ఊఁ, ఈసారి ఏమన్నాడు మీ పెద్దమనిషి?" అన్నాడు గడియారాలాయన, తల ఎత్తకుండానే. "కిందటిసారి కూతురి చదువు, అంతకుముందు మోకాళ్ళ నొప్పులు. ఇప్పుడు ఏ కష్టం వచ్చిందట?"

జవాబు నాలుక చివరన తయారుగా ఉంది. నోరు తెరిస్తే చాలు, దానంతటదే వచ్చేస్తుంది, గొంతుతో సహా. మేనేజరు దాన్ని మింగాడు.

"ఏమీ అనలేదు. నేను అడగలేదు."

గడియారాలాయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. వట్టి కళ్ళతో మేనేజరును చూశాడు.

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ," అన్నాడు మేనేజరు. కూర్చోమంటారో పొమ్మంటారో తెలియక, గుమ్మంలోనే నిలబడ్డాడు.